పుంటా గర్సాలో తొమ్మిది ఉదయాలు

రొసారియో
2019 జనవరి 4

గ్రిసే,

మీ కారు వెళ్ళిపోయాక ఎదురింటి ఎర్సీలియా వచ్చి నా చక్రాల కుర్చీని లోపలికి తోసి, "ఇక పదిహేను రోజులు నీకూ సెలవే" అంది. సెలవట. బస్సు మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నదానికి సెలవేమిటి. పదకొండేళ్ళుగా ప్రతి జనవరిలో నాన్నను సముద్రానికి తీసుకెళ్ళేది నేనే. ఈసారి నీకు అప్పగించాను.

ఫోన్‌లో చెప్తే సగం విని ఊఁ కొడతావని మెయిల్ రాస్తున్నాను. తెల్ల మాత్ర పొద్దున తిన్నాక. పసుపుది సగం విరిచి, సాయంత్రం. ఉప్పు తగ్గించు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళలో దిగనివ్వకు. గుండెకు స్టెంటు వేసి ఏడాది కాలేదు, ఆ సముద్రం ఈ జనవరి ఎండాకాలంలో కూడా మంచులాగే ఉంటుంది. మోకాళ్ళ దాకా తడుపుకోవచ్చంది డాక్టరమ్మ, అంతే. ఆయన నది మీద నలభై ఏళ్ళు సరుకు పడవలు నడిపిన మనిషి, కుర్రతనంలో పరానా నదిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదినవాడు. బతిమాలతాడు, అలుగుతాడు. లొంగకు.

వీడియో కాల్ చెయ్యడం నేర్పి పంపాను. ఆ ఇంట్లో ఇంటర్నెట్ లేదు కదా, ఆయన ఫోన్లో డేటా అయిపోకుండా చూడు. కనీసం తెర మీదైనా నాకు సముద్రం కనిపించాలి.

హిమెనాకు ముద్దులు. మీ ఆయన్ని కంప్యూటర్ మూసి కాస్త ఇసుకలో నడవమను.

గోడకు ఆనించిన చేతికర్రలాంటి
మీ అక్క నోయెమీ


పుంటా గర్సా
జనవరి 7

అక్కా,

చేరాం. ఇల్లు నువ్వు చెప్పినట్టే ఉంది. పొయ్యి రెండోసారికి గానీ అంటుకోదు, పక్కబట్టల్లో ఇసుక. సిగ్నల్ గాలిని బట్టి వస్తుంది, ఒడ్డున బాగా, ఇంట్లో అంతంత. నెస్తోర్ వరండాలో బల్ల వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఇంటర్నెట్ పెట్టె ఒకటుంది, దాన్ని కూతురిక్కూడా ఇవ్వడు. ఈయన్ని సెలవుకు తెచ్చామో, ఆఫీసునే సముద్రానికి తెచ్చామో తెలియడం లేదు. హిమెనా పన్నెండేళ్ళ పిల్ల, దానికి సముద్రమంటే డాన్సు వీడియోల వెనక కనిపించే నీలం రంగు.

మాత్రల చీటీ నాకు మెయిల్లో పంపావు, నాన్న సంచీలో ఒకటి పెట్టావు, కళ్ళజోడు పెట్టెలో ఇంకొకటి. చదువుకున్నదాన్నే అక్కా. నాకూ ఆయన నాన్నే.

నీళ్ళ సంగతి మూడుసార్లు అడిగాడు. వద్దన్నాను. "మరి నన్నెందుకు తెచ్చారు, ఇసుక లెక్కపెట్టడానికా?" అన్నాడు. నెస్తోర్ కూడా నవ్వాడు. నేను మాత్రం లొంగలేదు, రాసి పెట్టుకో.

రోజూ పొద్దున నేనూ హిమెనా నడుచుకుంటూ ఊళ్ళోకి వెళ్ళి రొట్టె, చేపలు తెస్తాం. ఒక గంట. ఆ గంట తప్ప ఆయన్ని విడిచింది లేదు.

నీ చెల్లెలు, చీటీల అవసరం లేనిది
గ్రిసెల్దా


రొసారియో
జనవరి 10

బంగారు చెల్లీ,

చీటీలకు కోపం వచ్చిందా, పోనీలే. నాన్న నాకు వీడియోలో సముద్రం చూపిస్తున్నాడు. మొహంలో రంగొచ్చింది. బాగా చూసుకుంటున్నావు, ఊరికే అనడం లేదు.

ఒక మాట. పొద్దున ఆ గంటసేపు ఆయన్ని ఒంటరిగానే ఉండనివ్వు. నెస్తోర్‌ని కాపలా పెట్టకు. మనిషికి కాస్త తన గాలి తను పీల్చుకునే చోటు కావాలి. నా దగ్గరున్నప్పుడు ఆ చోటు నేనివ్వలేదేమోనని మంచంలో పడుకుని ఆలోచిస్తున్నాను. కదలలేనివాళ్ళకు ఆలోచనలే నడక.

ఎర్సీలియా కుక్క మన ఇంట్లోనే ఉంటోంది ఇప్పుడు. నా కట్టు వాసన దానికెంత ఇష్టమో చెప్పలేను. ఇన్నాళ్ళకు నా ఒళ్ళు ఒకరికి నచ్చింది.

పొద్దున మీరు బయల్దేరేది పదింటికేనా? ఊరికే అడిగాను.

నోయెమీ


పుంటా గర్సా
జనవరి 13

అక్కా,

మొన్నటిదాకా క్షణం విడవకు అన్నావు, ఇప్పుడు ఒంటరిగా వదిలెయ్ అంటున్నావు. నీ మనసు కంటే ఇక్కడి గాలే నయం, రోజంతా ఒక దిక్కునే వీస్తుంది.

నాన్న బ్రహ్మాండంగా ఉన్నాడు. ఇద్దరి తిండి తింటున్నాడు. మధ్యాహ్నం పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. పడవలవాళ్ళ పాటలు కూనిరాగం తీస్తున్నాడు, అమ్మ పోయాక అవి నేను వినలేదు. నిన్న జుట్టు తడిసి ఉంది, ఏమిటంటే ఎండకు తల మాడిపోతోందని సీసాలో నీళ్ళు పోసుకున్నానన్నాడు. నా దగ్గర పది రోజులుంటే మనిషి ఇలా విచ్చుకున్నాడని నీకు చెప్పాలనే రాస్తున్నాను. గొప్పలు కాదు. సరే, కొంచెం గొప్పలే.

చికాకల్లా ఒకటే. నాన్న ఫోన్లో డేటా ఎంత వేసినా రెండు రోజుల్లో ఖాళీ. హిమెనా పనే అది, తాతయ్య ఫోన్ తీసుకుని ఆ డాన్సులు పైకి ఎక్కిస్తోంది. కాదు కాదని ఏడ్చింది. అబద్ధమాడినందుకు దాని ఫోన్ తీసి బీరువాలో పెట్టాను. నాన్న పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు, మనవరాలి తరఫున ఒక్క మాట అనలేదు. ఆశ్చర్యమేసింది.

గ్రిసే


రొసారియో
జనవరి 14

గ్రిసెల్దా,

పిల్ల ఫోన్ దానికిచ్చెయ్. అది తప్పు చెయ్యలేదు.

ఇంకొకటి. నాన్న నీ దగ్గర విచ్చుకుంటే సంతోషం. నా దగ్గర పదకొండేళ్ళూ ఎండిపోయి లేడు.

నోయెమీ


పుంటా గర్సా
జనవరి 16

నోయెమీ,

పిల్ల తప్పు చెయ్యలేదని ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల నీకెలా తెలిసిందా అనుకున్నాను. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన ఫోన్ తీసి చూశాను. తప్పే, చూశాను. తొమ్మిది రోజులుగా రోజూ ఒకే వేళకు నీతో వీడియో కాల్. సరిగ్గా నేను ఊళ్ళోకి వెళ్ళగానే. ముప్పావుగంట. నేను రాగానే కట్.

ఏం అడుగుతావు ఆయన్ని? మాత్ర ఇచ్చిందా, ఉప్పు ఎక్కువ వేసిందా, విసుక్కుందా? ఆ గంట ఒంటరిగా వదిలెయ్యమన్నది ఇందుకా? చిన్నప్పటి నుంచీ ఇంతే. నేను చేసిన ప్రతి పనికీ వెనకాల నువ్వొక పరీక్ష పెడతావు.

భోజనాల దగ్గర అందరి ముందూ నాన్ననే అడిగాను. మీరిద్దరూ కలిసి నా మీద నిఘా పెట్టారా అన్నాను. ఇంకా అన్నాను, ఇక్కడ రాయలేను. ఆయన టోపీ తీసి మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

ఇక ఆ ఫోన్లో డేటా వెయ్యను. మాట్లాడాలంటే సాయంత్రం నా ఫోన్‌కి చెయ్యి, అందరం వింటాం. హిమెనాకు క్షమాపణ చెప్పుకున్నాను. నీ వల్ల.

గ్రిసెల్దా


రొసారియో
జనవరి 16, సాయంత్రం

గ్రిసే, నిఘా కాదు. ఆ ఫోన్లో డేటా వెయ్యి, ఇవాళే. కారణం రేపు చెప్తాను. ముందు నాన్నతో ఒక మాట మాట్లాడాలి. నీ కాళ్ళు పట్టుకుంటాను, వెయ్యి.

నోయెమీ


కోర్దొబా
ఫిబ్రవరి 6

అక్కా,

నాన్నను మట్టి చేసి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. శ్మశానంలో నువ్వు నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఎర్సీలియా నీ కుర్చీని నా పక్కకు తోస్తే, చక్రం మీద చెయ్యి వేసి ఆపేశావు. అది చూశాను. సాయంత్రం బస్సుకే మా ఊరు తిరిగి వచ్చేశాను. ఇంకో పూట ఆ ఇంట్లో నీ ఎదురుగా కూర్చునే ధైర్యం లేక.

ఆ రోజు మేం వచ్చేసరికి పదకొండు కావస్తోంది. గొడుగు ఉంది, కుర్చీ ఉంది. టోపీలో కళ్ళజోడు. ఫోన్ ఇసుకలో బోర్లా పడి ఉంది. నడవడానికి వెళ్ళాడనుకుని నేను కూర్చుని సంచీ విప్పాను. చేపలు నీడలో పెట్టాను. అది మరిచిపోలేను, ముందు చేపలు నీడలో పెట్టాను. తర్వాత రాళ్ళ అవతల జనం గుమిగూడటం హిమెనా చూసింది.

గుండె ఆగిందన్నారు. ఊపిరితిత్తుల్లో నీళ్ళు పెద్దగా లేవట, బాధపడి ఉండడట. అందరూ నాకు అదే చెప్తున్నారు, మందులాగా. వాళ్ళకు తెలియనిది నాకు తెలుసు. పన్నెండు రోజులు మోకాళ్ళు దాటి దిగని మనిషి, నేను అందరి ముందూ ఆ మాటలన్న మర్నాడే దిగాడు. ఏమన్నానో నీకు చెప్పలేదు కదా. "మీరొచ్చి నాకున్న కాస్త సెలవూ ఆస్పత్రి చేశారు" అన్నాను. మా నాన్నతో.

కావాలనే వెళ్ళాడు అక్కా. నీకూ తెలుసు, అందుకే చక్రం ఆపావు. నెస్తోర్‌తో ఈ మాట అనలేదు. పిల్లకు అన్నం పెడుతుంటాను, చెయ్యి మధ్యలో ఆగిపోతుంది.

నన్ను తిట్టు. రాసి తిట్టు. నువ్వు ఊరుకుంటే నేను బతకలేను.

గ్రిసే


రొసారియో
ఫిబ్రవరి 9

నా తల్లీ, గ్రిసే,

చక్రం ఆపింది నిన్ను చూడలేక కాదు, నువ్వు నన్ను చూస్తావని. ఇది మూడు రోజులుగా రాసి చెరిపేస్తున్నాను. ఇక చెరపను.

నాన్న మొదటిసారి దిగింది ఆ రోజు కాదు. జనవరి ఎనిమిది నుంచీ రోజూ దిగాడు. తొమ్మిది ఉదయాలు. నాకు తెలుసు. నేను చూస్తూ ఉన్నాను.

ఎనిమిదో తారీఖున పదింటికి ఫోన్ చేశాడు. గొడుగు కర్రకు రబ్బరుబ్యాండుతో ఫోన్ కట్టాడు, సముద్రం వైపు తిప్పి. "నడుం దాకా దిగుతాను. ఏమన్నా తేడాగా ఉంటే నువ్వు కేక పెట్టు, శబ్దం పూర్తిగా పెంచాను" అన్నాడు. పిచ్చా నాన్నా, ఇక్కణ్ణించి నేనేం చెయ్యగలను అన్నాను. "చూస్తుంటే చాలు తల్లీ. ఒకళ్ళు చూస్తుంటే ఒంటరిగా దిగినట్టు కాదు" అన్నాడు.

నేను వద్దని ఉండాల్సింది. పదకొండేళ్ళుగా వద్దు అనే ఉద్యోగం నాదే. వైన్ వద్దు, నిచ్చెన వద్దు, సైకిలు వద్దు. ఆ పొద్దు మంచంలో పడి ఉన్నాను, నా కాలు నా మాట వినడం లేదు, నీళ్ళ ముందు నిలబడ్డ ఆయన వీపు తెర మీద కనిపిస్తోంది. ఒక్కసారి సరే అనాలనిపించింది. అన్నాను.

నీకు చెప్తానంటే, చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, విను. "దానికి తెలిస్తే ఈ పదిహేను రోజులూ నా చుట్టూ కాపలా తిరుగుతుంది. ఏడాదిలో దానికి దొరికేదే ఇది. హాయిగా ఉండనీ" అన్నాడు. డేటా అయిపోయింది మా వల్ల. హిమెనా మీద నింద పడ్డప్పుడు ఇద్దరం సిగ్గుతో చచ్చాం.

పదిహేడో తారీఖున కూడా ఫోన్ చేశాడు. ఇంకా కొంచెం డేటా మిగిలిందన్నాడు. వద్దు నాన్నా, ముందు గ్రిసేకు చెప్పు అని బతిమాలాను. "మధ్యాహ్నం నేనే చెప్తాను. అది నిన్న అన్నది కోపంతో, పొద్దున నాకు రొట్టె మీద జామ్ అంచుల దాకా రాసి పెట్టింది" అన్నాడు. నవ్వుతున్నాడు గ్రిసే. నీ మీద మనసు విరిగి వెళ్ళలేదు. నా ప్రాణం మీద ఒట్టు.

నడుం లోతులో ఉండగా బొమ్మ ఆగిపోయింది. చేతులు రెండూ నీళ్ళ మీద ఆనించి ఉన్నాయి. ఆ ఆగిపోయిన బొమ్మతో వెనక్కి రా నాన్నా అని ఎంతసేపు చెప్పానో తెలియదు. తర్వాత నీకు చేశాను, పదకొండుసార్లు. నెస్తోర్‌కి నాలుగు. సిగ్నల్ లేదనుకున్నాను. అక్కడి పోలీసు నంబరు ఎర్సీలియా వెతికి ఇచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. రాళ్ళ పక్కన అని మాత్రం చెప్పగలిగాను.

కావలి కూర్చున్నది నేను. ఇక ఎవర్ని తిట్టాలో నీకు తెలిసింది.

నోయెమీ


కోర్దొబా
ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం చదివి ఫోన్ తీసి గోడకేసి కొట్టాను. ఇది కొత్తది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం అది కాదని నీకు తెలుసు.

మొదట ఊపిరి పీల్చుకున్నాను. ఆయన నా మాటలకు చావలేదు. ఒక్క పూట అలా ఉన్నాను. తర్వాత నీ మొహం ఇక చూడకూడదనుకున్నాను. నువ్వు చెప్పి ఉంటే నేను ఒడ్డున నిలబడేదాన్ని. వద్దనేదాన్ని, అరిచేదాన్ని, రెండు రోజులు మాట్లాడకుండా ఉండేదాన్ని. మూడో రోజు తువ్వాలు పట్టుకుని నిలబడేదాన్ని. ఆ మూడో రోజు దాకా నేను వస్తానని మీరిద్దరూ నమ్మలేదు. నాకు పుండు అక్కడుంది.

ఇక నాది. సిగ్నల్ ఉంది అక్కా. చేపల దగ్గర వరసలో నిలబడ్డాను. మొదటిసారి మోగగానే నీ పేరు చూశాను. "మీ పెద్దమ్మ కాపలా డ్యూటీ ఎక్కింది" అని హిమెనాతో అని, ఫోన్ సంచీ అడుగున పడేశాను. మోగినప్పుడల్లా పిల్ల నా మొహం చూసింది. నాలుగోసారి "తీయమ్మా" అంది. తియ్యలేదు. ఆ సంగతి అది ఇప్పటిదాకా ఎవరి దగ్గరా ఎత్తలేదు, నా దగ్గర కూడా. నెస్తోర్ మీటింగులో ఉన్నాడట. అంతకుమించి చెప్పడు, నేను అడగను.

తీసి ఉంటే ఏమయ్యేదో నాకు చెప్పకు. పావుగంట దూరం. లెక్కలు నేను వేసుకున్నాను, మళ్ళీ మళ్ళీ వేసుకుంటున్నాను.

నిన్ను క్షమించలేదు. నన్ను క్షమించమని అడగడం లేదు. ఒకటి మాత్రం కావాలి. నాకు ఆ సముద్రంలో నాన్న అంటే ఆ పదకొండు గంటల వేళ చూసిందొక్కటే. కళ్ళు మూస్తే అదే. నీ దగ్గర తొమ్మిది ఉదయాలున్నాయి, నా దగ్గర ఒక్కటీ లేదు. ఎలా ఈదాడో రాయి. ఏదీ వదలకు.

గ్రిసెల్దా


రొసారియో
ఏప్రిల్ 5

గ్రిసే,

అడిగినందుకు బతికాను. గుర్తున్నంతా రాస్తున్నాను.

మొదటి రోజు ఈదనే లేదు. నడుం దాకా దిగి నిలబడ్డాడు, తెలియనివాళ్ళ ఇంటి గుమ్మంలో నిలబడ్డట్టు. అరచేతులతో నీళ్ళు తట్టి చూశాడు. వెనక్కి వచ్చి ఫోన్ దగ్గరగా మొహం పెడితే నాకు ఒక చెవీ, దాన్నించి కారే చుక్కా మాత్రమే కనిపించాయి. "చల్లగా ఉంది" అన్నాడు, అంత సంతోషంగా ఆ మాట అన్నవాళ్ళని నేను చూడలేదు.

రెండో రోజు పది బారలు వేశాడు. నది ఈత అది, తల పైకెత్తి, ఎదురుగా ఏ పడవైనా వస్తుందేమోనని చూసుకుంటూ. మూడో రోజు నుంచీ గొడుగు దగ్గర్నించి పెద్ద రాయి దాకా, ఒడ్డుకు దగ్గరగా, వెళ్ళి రావడం. అల వచ్చినప్పుడు కనిపించకుండా పోయేవాడు. నేను అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఆరు దాటకముందే తెల్లటి తల మళ్ళీ పైకొచ్చేది. ఒకసారి తొమ్మిది దాకా వెళ్ళాను, ఎర్సీలియా కుక్క నా మొహం చూసి మొరిగింది.

నాలుగో రోజు కుక్కను నడిపిస్తూ వచ్చిన ఒకావిడ ఎవరితో మాట్లాడుతున్నారని అడిగింది. "మా పెద్దమ్మాయితో. రొసారియోలో ఒడ్డున కూర్చుని ఉంది" అన్నాడు. ఆవిడ భయపడి వెళ్ళిపోయింది.

అయిదో రోజు వెల్లకిలా తేలాడు, చాలాసేపు. బొటనవేళ్ళు రెండూ బయటికి కనిపించాయి. ఆరో రోజు గాలి ఎక్కువ, అల తోస్తే కూలబడ్డాడు, లేచి నా వైపు చెయ్యెత్తి ఏం కాలేదని చూపించాడు. నీళ్ళలోంచి బయటికొచ్చేటప్పుడు మొదటి పది అడుగులు కుర్రాడిలా వేసేవాడు. ఆ తర్వాత ఒళ్ళు ఆయనకు వయసు గుర్తుచేసేది. కుర్చీలో కూలబడి, ఊపిరి అందేదాకా ఆగి, "చూశావా?" అని అడిగేవాడు. చూశాను అనేదాన్ని. ఎనిమిది, తొమ్మిది రోజులు కూడా అంతే. తొమ్మిదో రోజు రాయి దాకా రెండుసార్లు వెళ్ళాడు.

ఏడో రోజు చివరికి ఉంచాను, అది నీది కాబట్టి. ఆ రోజు ఫోన్ చేసి కూడా గొడుక్కి కట్టలేదు. చేతిలోనే పట్టుకుని ఊరి దారి వైపు తిప్పాడు. దూరంగా నువ్వూ హిమెనా. నువ్వు చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తున్నావు. పిల్ల ఏదో అంది, నువ్వు తల వెనక్కి వేసి నవ్వావు. గాలికి నీ గౌను మోకాళ్ళకు చుట్టుకుంటే ఆగి విడిపించుకుని మళ్ళీ నడిచావు. నాన్న ఫోన్ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. నీళ్ళు మంచిగా ఉన్నాయి నాన్నా, టైము అయిపోతోంది అన్నాను. "ఉండవే, అది ఇసుకమేట దాటనీ" అన్నాడు. నువ్వు దాటేదాకా నిన్నే చూపించాడు.

ఆ తర్వాత వెళ్ళి ఈదాడు. ఆ రోజు చాలా బాగా ఈదాడు.

అక్క